శిక్షకు గడువుంది, పేరుకు లేదు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఈమధ్య ఒక సీసీ కెమెరా క్లిప్ వచ్చింది. 22 సెకన్లు. పదేళ్ల పిల్లాడు పార్కింగ్‌లోకి వస్తాడు, అటూ ఇటూ చూస్తాడు, చేతిలో ఉన్న రాయితో తెల్లకారు డోరు మీద ఒక గీత గీస్తాడు. గీసి, తనకే భయమేసినట్టు ఆ గీతను వేలితో తుడుస్తాడు. పోదు. చొక్కా అంచుతో రుద్దుతాడు. అప్పటికీ పోదు. పరుగు. క్లిప్ పెట్టిన పెద్దమనిషి వాడి ముఖం చుట్టూ ఎర్రసున్నా కూడా చుట్టి పెట్టారు, ఎవరికైనా అనుమానం మిగిలిపోతుందేమోనని.

అరగంటలో అరవై మెసేజ్‌లు. "ఎవరి పిల్లాడండీ?" "పెంపకం అలా ఉంది." "ఇప్పుడే ఇలా ఉంటే రేపేమవుతాడో." నేనేం తక్కువ తినలేదు, నేనూ ఒక కోపం బొమ్మ పెట్టాను. కారు నాది కాదు, పిల్లాడెవరో తెలియదు. అందరూ పెడుతున్నారని పెట్టాను, అంతే. వాడు ఆ గీతను తుడవడానికి పడ్డ తంటాలు చూశారా అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

డోరుకు రంగు వేయించిన డబ్బు వాళ్ల నాన్న కట్టాడు. పిల్లాణ్ని వెంటబెట్టుకెళ్లి కారు ఓనరుకి సారీ చెప్పించాడు. నా లెక్కలో వ్యవహారం అక్కడితో తీరిపోవాలి. కానీ వారం తిరక్కుండానే వాడికి "గీతలోడు" అని పేరు పడింది. మోటారు స్విచ్ ఎవరో ఆపేస్తే వాడే అయ్యుంటాడన్నారు. రెండో అంతస్తులో పూలకుండీ పగిలితే వాడే అన్నారు. తీరా కనుక్కుంటే, కుండీ పగిలిన రోజు వాడు అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నాడు. వాడు ఊళ్లో లేడు, పేరు మాత్రం ఉంది.

ఎడ్విన్ లెమర్ట్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1951లోనే ఇదంతా రాసి పెట్టాడు. మొదటి తప్పు అందరూ ఏదో ఒక కారణానికి చేస్తారు, చేసి మర్చిపోతారు. చుట్టూ ఉన్నవాళ్లు దానికొక పేరు పెట్టి, మనిషిని ఆ పేరులోంచే చూడటం మొదలుపెడితే, కొన్నాళ్లకు ఆ మనిషి కూడా తనను అలాగే చూసుకుంటాడు. ఆ తర్వాత చేసే తప్పులు వేరు. "ఎలాగూ దొంగనే అంటున్నారుగా" అనే మాట ఎక్కడో ఒకచోట మీరూ వినే ఉంటారు. హొవార్డ్ బెకర్ అనే ఇంకో అమెరికన్ సామాజికశాస్త్రవేత్త అయితే 1963లో ఇంకో అడుగు ముందుకేసి, తప్పనేది పనిలో ఉండదు, మిగతావాళ్లు దానికి అంటించే పేరులోనే ఉంటుంది అన్నాడు. ఇది నాకు పూర్తిగా మింగుడుపడదు. హత్యకు ఏ పేరు పెట్టినా పోయినవాడు తిరిగి రాడు. అయితే మనం రోజూ నోరు చేసుకునే తప్పుల్లో హత్యలెన్ని?

ఇక ఆ పేరు ఎవరికి పడుతుందనేది అసలు తమాషా. అదే నెలలో మొదటి అంతస్తు ఆయన కారు రివర్స్ చేస్తూ వాచ్‌మన్ సైకిల్‌ని గుద్దేశారు. ముందు చక్రం వంకరపోయింది. పాపం వాచ్‌మన్ దాన్ని నేలమీద పడుకోబెట్టి, కాలితో తొక్కి తొక్కి రెండు రోజులు సరిచేసుకున్నాడు. కెమెరా అక్కడా ఉంది. క్లిప్ మాత్రం గ్రూపులోకి రాలేదు. "చూసుకోలేదులెండి" అనేశారు. రాయి పట్టుకున్న పదేళ్లవాడిది బుద్ధి, స్టీరింగ్ పట్టుకున్న యాభై ఏళ్లాయనది పొరపాటు!

విలియం చాంబ్లిస్ అని మరొకాయన ఒకే హైస్కూల్లో రెండు కుర్రాళ్ల గుంపులను రెండేళ్లు గమనించి 1973లో వ్యాసం రాశాడు. ఒక గుంపులో ఎనిమిది మంది కలిగినింటి పిల్లలు, ఇంకో గుంపులో ఆరుగురు పేదింటి పిల్లలు. క్లాసులు ఎగ్గొట్టడం, తాగడం, కనబడినదల్లా పాడుచెయ్యడం. సంఖ్య చూస్తే ఎనిమిది మంది చేసినవే ఎక్కువట. కానీ వాళ్లకు కార్లున్నాయి, ఎవరూ ఎరగని చోటికి పోయి అల్లరి చేసేవాళ్లు. పోలీసులు ఆపితే వినయంగా "సార్" అనేవాళ్లు. ఆ రెండేళ్లలో వాళ్లలో ఒక్కరూ అరెస్టు కాలేదు. ఆ ఆరుగురు మాత్రం నడివీధిలోనే నిలబడేవాళ్లు, కాబట్టి ఊరి కళ్లన్నీ వాళ్ల మీదే. పేదోడి అల్లరికి కనీసం గోడ చాటు కూడా ఉండదు.

ఈ పేరు పెట్టే పని డాక్టర్ల చేతికో, రాజ్యం చేతికో వెళితే ఏమవుతుందో కూడా చూశాం. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, యజమానుల దగ్గర్నుంచి పారిపోయే నల్లజాతి బానిసలకు ఒక రోగం ఉందని తేల్చి దానికొక పెద్ద పేరు పెట్టాడు. పారిపోవాలనుకోవడమే రోగమట! 1871లో మన దేశంలో బ్రిటిష్‌వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చి మొత్తం సమూహాలనే నేరస్థులుగా రిజిస్టర్‌లోకి ఎక్కించారు. పుట్టిన బిడ్డ చెయ్యి ఇంకా పిడికిలి విప్పలేదు, అప్పుడే నేరస్థ జాతి. ఆ చట్టం 1952లో రద్దయింది. రద్దయ్యాక ఏం చేశారు? ఆ మనుషులను "విముక్త జాతులు" అన్నారు. అంటే ఒకప్పుడు ఎక్కడుండేవాళ్లో గుర్తుచేసే ఇంకో పేరు. దాని వెనకే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, పోలీసుల చూపు మారలేదు.

ఇంత చెబితే కొందరు వెంటనే "అయితే ఎవడేం చేసినా ఊరుకోవాలా, కట్టుబాట్లే వద్దా" అంటారు. నేనలా ఎక్కడన్నాను? కట్టుబాటు లేని సమాజం లేదు. ఎమిల్ డర్కైమ్ అనే ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త 1895లో ఒక ఊహ చేశాడు: అందరూ మహర్షులే ఉండే ఊరుంటే అక్కడా తప్పులుంటాయి, కాకపోతే మనకు కంటికి ఆనని చిన్న లోపం అక్కడ ఘోరమవుతుంది. నిజమే. కారుకు గీత పెడితే అడగాలి, డబ్బు కట్టించాలి, సారీ చెప్పించాలి. ఆ తర్వాత ఆపడం ఎక్కడో తెలియాలి. మనకు తెలియనిది అదే.

ఇంగ్లండ్‌లో పూర్వం తప్పు చేసినవాణ్ని బజారులో కొయ్యకు తల, చేతులు బిగించి నిలబెట్టేవాళ్లు. జనం కుళ్లిన కూరగాయలు విసిరేవాళ్లు, ఒక్కోసారి రాళ్లు కూడా, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అనాగరికమని 1837లో దాన్ని పూర్తిగా ఎత్తేశారు. కానీ ఆ కొయ్య దగ్గర సాధారణంగా నిలబెట్టేది గంటసేపు. గంట అయ్యాక విప్పేవాళ్లు. మనం వీడియో తీసి పెట్టినవాణ్ని ఎవరు విప్పుతారు? 2014లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం, పనికిరాని పాత వివరాలను పేరు కొట్టగానే చూపించడం ఆపమని గూగుల్ లాంటి సెర్చ్ ఇంజన్లను అడిగే హక్కు మనిషికి ఉందని తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. ఒక మనిషి గతాన్ని జనం మర్చిపోవాలంటే ఇప్పుడు కోర్టుకెక్కాలి.

జాన్ బ్రెయిత్‌వెయిట్ అనే ఆస్ట్రేలియా నేరశాస్త్రవేత్త 1989లో చేసిన తేడా నాకు బాగా నచ్చింది. సిగ్గుపడేలా చెయ్యడం రెండు రకాలట: తప్పు చెప్పి మళ్లీ మనలో కలుపుకోవడం ఒకటి, తప్పు చెప్పి బయటికి నెట్టెయ్యడం ఇంకొకటి. నెట్టేస్తే వాడు తనలాగే బయటికి నెట్టేసినవాళ్లనే వెతుక్కుంటాడు. సరిగ్గా అదే ఏడాది న్యూజిలాండ్ ఒక చట్టం చేసింది. పిల్లలు నేరం చేస్తే వాళ్ల కుటుంబం, నష్టపోయినవాళ్లు, పోలీసు అందరూ కూర్చుని ఏం చెయ్యాలో తేల్చుకునే పద్ధతి తెచ్చింది. ఎదురుగా కూర్చోవడం కష్టం. సాయంత్రం పూట బొటనవేలితో కోపం బొమ్మ నొక్కినంత తేలిక కాదు.

మొన్న మా గ్రూపు అడ్మిన్‌గారిని ఆ క్లిప్ తీసెయ్యమని అడిగాను. "ఎప్పుడో తీసేశానండీ, కానీ అందరి ఫోన్లలో సేవ్ అయ్యే ఉంటుందిగా" అన్నారు. నా గ్యాలరీ తెరిచాను. మా మేనకోడలి పెళ్లి ఫొటోల మధ్యలో ఉంది, ఎర్రసున్నాతో సహా. డిలీట్ కొట్టాను.

నిన్న సాయంత్రం వాడు బ్యాగు తగిలించుకుని లిఫ్టు వైపు వస్తుంటే తలుపు పట్టుకుని "రా నాన్నా" అన్నాను. లోపల ఇంకో ఇద్దరున్నారు. వాడు వాళ్ల ముఖాలు చూసి, "పర్లేదంకుల్" అని మెట్ల వైపు తిరిగాడు. వాళ్లిల్లు ఐదో అంతస్తు.