సవరణ: చైను లాగితే టీటీఈకి డబ్బు కట్టి బయటపడలేరు

తిరుపతి నుంచి రైలెక్కేవారి కోసం మేం పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. మన్నించండి.

«ఊరికే చైను లాగితే టీటీఈకి వెయ్యి కట్టాలి» అని రాశాం. కాదు. రైల్వే చట్టం (1989) సెక్షన్ 141 కింద శిక్ష వేసేది కోర్టు: ఏడాది వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొదటిసారి కనీసం 500 జరిమానా, మళ్లీ చేస్తే కనీసం మూడు నెలల జైలు. రేణిగుంటలో దిగడం మర్చిపోయామంటే అది తగిన కారణం కాదు. చైను లాగగానే బ్రేకు పైపులోని గాలి బయటికి పోతుంది. సిబ్బంది ఆ బోగీ దాకా నడిచి వెళ్లి వాల్వు సరిచేసి, గాలి మళ్లీ నిండేవరకు బండి కదలదు. వెనకాల వచ్చే బండికీ దారి దొరకదు. మంటలు, ప్రాణాపాయం లాంటివి వేరే మాట, అప్పుడు వెనకాడకండి.

రెండోది, టికెట్ లేకుంటే «250 మాత్రమే» అన్నాం. సెక్షన్ 138 ప్రకారం చార్జీతోపాటు అంతే మొత్తమో, 250 రూపాయలో, ఏది ఎక్కువైతే అది కట్టాలి. చార్జీ 90 అయితే 340, 400 అయితే 800. ఎక్కడ ఎక్కారో తేలకపోతే బండి బయల్దేరిన స్టేషన్ నుంచి లెక్కిస్తారు, మధ్యలో తనిఖీ జరిగి ఉంటే అక్కణ్ణుంచి. రసీదు తప్పక అడగండి.