శ్రీయుత 'డా.' గారికి

అయ్యా,

నిన్న మధ్యాహ్నమంతా తమరి కోసమే ఫ్లెక్సీ షాపులో కూర్చున్నాను. మా కాలనీ గ్రంథాలయ వార్షికోత్సవం బ్యానరు మీద ముఖ్య అతిథి పేరు ముందు తమరు లేరట. ఫొటో ఉంది, జోడించిన చేతులున్నాయి, బిరుదులు రెండు లైన్లున్నాయి. తమరొక్కరే లేరు. ఆయన పీఏ ఫోన్ చేసి "సార్ ఫీలయ్యారండీ" అన్నాడు. కట్టిన బ్యానరు విప్పి మళ్ళీ ప్రింటుకి పట్టుకెళ్ళాను. పైన స్టిక్కరు అంటిస్తే సరిపోదా అని అడిగితే, "చీప్‌గా ఉంటుందండీ" అన్నాడు. కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. షాపు కుర్రాడు నన్ను ఓదార్చాడు: "ఈ మధ్య అందరికీ డా. పెట్టేసే కొడుతున్నాం సార్. వద్దన్నవాళ్ళకి తీసేస్తాం. ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు."

తమరు మా అతిథి ఇంటికి ఎలా విచ్చేశారో కాలనీలో అందరికీ తెలుసు. ఆయన చదివింది ఇంటర్. అందులో తప్పేమీ లేదు, ప్లాట్లు వేసి అమ్మడానికి అంతకంటే అక్కర్లేదు. గ్రంథాలయానికి బీరువాలు ఇచ్చింది కూడా ఆయనే. ఒకరోజు 'గ్లోబల్', 'పీస్', 'యూనివర్సిటీ' అనే మూడు మాటలూ ఉన్న వాట్సాప్ మెసేజ్ వచ్చింది. సమాజసేవకు గాను మిమ్మల్ని ఎంపిక చేశామని. ఎంపిక ఉచితం, రిజిస్ట్రేషన్ మాత్రం కట్టాలి. గౌను, నల్ల టోపీ, శాలువా, మెమెంటో, ఫొటోలు, ఒకరికి భోజనం అందులోనే. ఆవిడను తీసుకెళ్తే భోజనానికి ఎక్స్‌ట్రా. స్నాతకోత్సవం ఒక హోటల్ హాల్లో. ఆ విశ్వవిద్యాలయానికి క్లాసులు లేవు, లైబ్రరీ లేదు, బ్యాంకు ఖాతా ఉంది. పట్టాలో 'గౌరవ' అన్న మాట ఉందిగానీ, తిరుగు ప్రయాణంలో టోల్‌గేటు దాటేలోపే అది ఎక్కడో జారిపోయింది. ఇంటికి చేరింది తమరొక్కరే.

తమరి పుట్టుపూర్వోత్తరాల గురించి చట్టం లేకపోలేదు. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం 22వ సెక్షను ప్రకారం డిగ్రీలిచ్చే హక్కు చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ వర్సిటీలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. మిగతావాళ్ళు ఇస్తే 24వ సెక్షను కింద జరిమానా. ఎంతో తెలుసా? వెయ్యి రూపాయల దాకా. వెయ్యి! నా ఫ్లెక్సీకే అంతకంటే ఎక్కువయింది. అదైనా ఇచ్చినవాడికి. కొనుక్కుని పేరు ముందు తగిలించుకున్నవాడి ఊసే ఆ సెక్షన్లలో లేదు. యూజీసీ పాపం నకిలీ వర్సిటీల జాబితా వేస్తూనే ఉంటుంది, అందులో గుంటూరు, విశాఖపట్నం చిరునామాలూ ఉన్నాయి. అదే ఎవరైనా తమరిని అడ్డం పెట్టుకుని, వైద్యుడిగా రిజిస్ట్రేషన్ లేకుండా సూది వేస్తే, 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ఏడాది దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అంటుంది. సూది వేయనంత కాలం తమరికి ఢోకా లేదు.

పద్మ అవార్డులను పేరుకు ముందూ వెనకా తగిలించకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. పెళ్ళి శుభలేఖలకు ఆ తీర్పు ఇంకా అందినట్టు లేదు. ఇక కోచింగ్ సెంటర్ల 'ప్రొఫెసర్ల' సంగతి మరో ఉత్తరానికి ఉంచాను.

సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు చేసిన గిడుగు రామమూర్తి గారికి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1938లో కళాప్రపూర్ణ అనే గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మనకు మాత్రం ఆయన గిడుగే. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 1940లో శాంతినికేతన్ దాకా వచ్చి టాగూరుకు డాక్టరేటు ఇచ్చి వెళ్ళారు. 'డా. టాగూర్' అని మన ఊళ్ళో ఎవరైనా అనగా విన్నారా?

తమరంటే నాకు కోపం లేదనుకునేవాణ్ణి. మా వదిన పీహెచ్‌డీ చేసినప్పుడు తమరిని దగ్గర్నుంచి చూశాను. నిబంధనల్లో కనీసం మూడేళ్ళని ఉంటుంది, కనీసంలో ఎవరికి అవుతుంది? పిల్లలు పడుకున్నాక వదిన నోట్సు కార్డులు రాసుకునేది. గైడు గారి కరెంటు బిల్లు కట్టించి, వాళ్ళమ్మాయి పెళ్ళిలో వడ్డింపు కూడా చేయించారు. చాప్టరు తిరగ్గొట్టినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యేవి. వైవా రోజున బయటి ఎగ్జామినర్ అడిగిన ప్రశ్నను ఇప్పటికీ తలచుకుంటుంది. తమరు ఆ ఇంటికి వచ్చిన రోజు మా అన్నయ్య వీధి వీధంతా మైసూర్‌పాక్ పంచాడు. ఆ రోజు తమరు ఎంత బాగున్నారని!

మరి అదే నువ్వు, ఒక హోటల్ భోజనంతో కలిపి అమ్ముడుపోవడానికి సిగ్గు లేదా? వదిన ఇంటిపేరు ముందు కూర్చున్న చుక్కే కదా, వెంచర్ బోర్డుల మీద వెలుగుతున్నది! డబ్బిచ్చినవాడి పక్కనల్లా నిలబడితే, చదివి తెచ్చుకున్నవాళ్ళు నిన్ను పెట్టుకోవడానికే జంకుతున్నారు. వార్షికోత్సవం కరపత్రంలో మా వదిన పేరు ముందు నువ్వు లేవు. తనే తీసేయమంది.

ఇకమీదట మా గ్రంథాలయం కాగితాల్లో నువ్వు ఎక్కాలంటే థీసిస్ పేరు, విశ్వవిద్యాలయం పేరు, సంవత్సరం కమిటీకి ఇవ్వాలని తీర్మానం రాశాను. రాత్రే అధ్యక్షులవారి సంతకానికి తీసుకెళ్ళాను. పెన్ను లేదన్నారు. ఇచ్చాను. కళ్ళజోడు కనబడటం లేదన్నారు.

ఇట్లు,
గ్రంథాలయ కార్యదర్శి