21 రోజులు, 10,000 గంటలు, ఒక ఫార్వర్డ్ మెసేజ్

"ఏ హాబీ అయినా అబ్బాలంటే అయిదు సూత్రాలు" అన్న మెసేజ్ ఈపాటికి మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. అందరికన్నా ముందు పంపింది మా వదిన, "నీకు పనికొస్తుంది" అని ఒక ముక్క తగిలించి. అది ఎత్తిపొడుపే. రెండేళ్ల కిందట నేను బొమ్మలు గీయడం మొదలుపెట్టి, ఇరవై మూడో రోజున పెన్సిల్ పక్కన పడేసిన సంగతి ఆవిడకు తెలుసు.

మెసేజ్ చూడనివాళ్ల కోసం దాని సారం. ఒకటి: 21 రోజులు విడవకుండా చేస్తే ఏ పనైనా అలవాటైపోతుంది, మధ్యలో ఒక్కరోజు మానినా లెక్క మళ్లీ ఒకటి నుంచే. రెండు: 10,000 గంటలు సాధన చేస్తే ఎవరైనా నిష్ణాతులవుతారు. మూడు: పాతికేళ్లు దాటితే మెదడు గట్టిపడుతుంది, కొత్త విద్యలు ఎక్కవు. నాలుగు: మీది కుడి మెదడో ఎడమ మెదడో తెలుసుకుని దానికి తగిన హాబీ ఎంచుకోండి. అయిదు: మొదలుపెట్టే రోజే అందరికీ చాటేయండి, ఇక వెనక్కి పోలేరు. చివర మామూలే, పదిమందికి పంపమని.

ఇవేవీ గాల్లోంచి పుట్టినవి కావు. ప్రతిదాని వెనకా ఎవరో నిజంగా చూసిన, కొలిచిన సంగతి ఏదో ఒకటి ఉంది. చేతులు మారుతున్నకొద్దీ షరతులన్నీ రాలిపోయి ఉత్త అంకె మిగిలింది. నా పేచీ అక్కడ.

ముందు 21 రోజుల సంగతి. ఈ అంకె అలవాట్ల మీద చేసిన పరిశోధనలోంచి రాలేదు. మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. ముక్కు సరిచేయించుకున్నవాళ్లకు అద్దంలో కనిపించే కొత్త ముఖం తమదే అనిపించడానికి మూడు వారాలన్నా పడుతోందని గమనించాడు. చెయ్యో కాలో తీసేసినవాళ్లకు అది ఇంకా ఉన్నట్టే అనిపించే భ్రమ పోవడానికీ, మారిన ఇల్లు సొంత ఇల్లులా తోచడానికీ ఇంచుమించు అంతే పడుతుందని 1960లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఆయన రాసింది "కనీసం సుమారు 21 రోజులు" అని. ప్రచారంలో 'కనీసం' పోయింది, 'సుమారు' పోయింది, ఆఖరికి ముక్కు కూడా పోయింది. పైగా కొత్త ముక్కుకు అలవాటు పడటానికి రోగి చేయాల్సిన పనేమీ లేదు. అది ఎలాగూ ముఖం మీదే ఉంటుంది. రోజూ కూర్చుని గీస్తే తప్ప రాని బొమ్మకు ఆ సౌకర్యం ఎక్కడిది?

నిజంగా అలవాట్లనే కొలిచినవాళ్లు ఉన్నారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరినీ ఒక చిన్న పని ఎంచుకోమంది. భోజనంతో పాటు గ్లాసు నీళ్లు తాగడమో, ఫలానా వేళకు కాసేపు పరుగెత్తడమో, అలాంటివి. 12 వారాల పాటు, ఆ పని ఆలోచించకుండానే జరిగిపోతోందా లేదా అని రోజూ అడిగి రాసుకున్నారు. 2010లో అచ్చయిన ఫలితం ప్రకారం మధ్యస్థ విలువ, అంటే వరసలో సరిగ్గా నడిమధ్య నిలిచే అంకె, 66 రోజులు. మెసేజ్ రాసేవాళ్లు ఇప్పుడు 21 కొట్టేసి 66 పెడతారేమోనని నా భయం, ఎందుకంటే అక్కడ అసలు విశేషం 66 కాదు. అందరికన్నా త్వరగా కుదిరినవారికి 18 రోజులు పడితే, అందరికన్నా ఆలస్యమైనవారికి, ఆ 12 వారాల తీరునే ముందుకు పొడిగించి లెక్కిస్తే, 254 రోజులు పడుతుందని అంచనా తేలింది. నీళ్లు తాగడం తొందరగా అబ్బింది, వ్యాయామం మొండికేసింది. 2023లో కోట్ల కొద్దీ నమోదులు దగ్గర పెట్టుకుని చేసిన మరో అధ్యయనంలోనూ ఇదే తీరు: ఆసుపత్రి సిబ్బందికి చేతులు కడుక్కోవడం వారాల్లో అలవాటైతే, జిమ్‌కు వెళ్లడం అలవాటు కావడానికి జనానికి నెలలు పట్టింది. పనిని బట్టి, మనిషిని బట్టి మారేదానికి ఒక్క అంకె ఎలా అతుకుతుంది?

ఇక "ఒక్కరోజు మానితే మళ్లీ ఒకటి నుంచే" అన్న బెదిరింపు. లాలీ బృందం దీన్నీ చూసింది. ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదిరే క్రమానికి చెప్పుకోదగ్గ దెబ్బ ఏమీ తగల్లేదు. ఈ మాటకు ఎవరూ రంగురంగుల పోస్టర్ చేయలేదెందుకో.

నా మటుకు నాకు 21 రోజులూ సజావుగా గడిచాయి. ఇరవై రెండో రోజు పొద్దున పెన్సిల్ దానంతటదే చేతిలోకి వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. మర్నాడూ రాలేదు. "నాలోనే లేదు కాబోలు" అనుకుని మానేశాను. తప్పుడు అంకె వల్ల జరిగే నష్టం ఇంతకంటే పెద్దగా ఏమీ ఉండదు, కానీ ఎంతమందికి జరిగి ఉంటుందో.

10,000 గంటల కథ ఇంకా చిత్రం. 1993లో ఆండర్స్ ఎరిక్సన్, మరో ఇద్దరు పరిశోధకులు పశ్చిమ బెర్లిన్ సంగీత అకాడమీలో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. అత్యుత్తములు పదిమంది, మంచివాళ్లు పదిమంది, సంగీతం టీచర్లు కాబోయేవాళ్లు పదిమంది. చిన్నప్పటి నుంచి ఒంటరిగా కూర్చుని చేసిన సాధన గంటలు అంచనా కడితే, ఇరవయ్యో ఏటికి మొదటి జట్టు సగటు 10,000 దాటింది. 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ తన పుస్తకంలో దాన్ని సూత్రంగా చెప్పాక అది లోకమంతా పాకింది. దీనికి అందరికన్నా గట్టిగా అడ్డుచెప్పింది స్వయంగా ఎరిక్సనే. అది సగటు, గీత కాదు. ఆ జట్టులోనే చాలామంది అప్పటికి ఆ అంకెను చేరలేదు. ఇరవై ఏళ్లకు వాళ్లింకా విద్యార్థులే, విద్వాంసులు కారు. ఆయన లెక్కపెట్టింది కూడా ఉత్తినే వాయించిన గంటలు కావు, రాని చోటును పట్టుకుని దాన్నే దిద్దుకుంటూ చేసిన సాధన. వచ్చిన పాటనే వెయ్యిసార్లు వాయిస్తే అది కాలక్షేపం. అందులో తప్పేమీ లేదు, కాకపోతే ఆ ఖాతాలోకి రాదు.

అసలు అంకె ఎంత సాగుతుందో చదరంగం చూపించింది. అర్జెంటీనాలో 104 మంది ఆటగాళ్ల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మాస్టర్ స్థాయి చేరడానికి ఒకరికి సుమారు 3,000 గంటలు సరిపోతే ఇంకొకరికి 23,000 పైచిలుకు పట్టాయి. అంతకన్నా ఎక్కువ ఆడి కూడా ఆ స్థాయి అందనివాళ్లున్నారు. 2014లో అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మనిషికీ మనిషికీ నైపుణ్యంలో ఉన్న తేడాలో సాధన వివరించగలిగింది చదరంగం లాంటి ఆటల్లో 26 శాతం, సంగీతంలో 21, క్రీడల్లో 18. రకరకాల సాధనలన్నీ ఒకే గాటన కట్టారని ఎరిక్సన్ దీనికి అభ్యంతరం చెప్పాడు. ఆ వాదనలోనూ బలం ఉంది. ఎవరి పక్షాన నిలబడినా 10,000 అనే గడప మాత్రం కనబడదు.

ఇంకో మాట. రోజుకు గంట చొప్పున 10,000 గంటలంటే 27 ఏళ్లు దాటుతుంది. సరదాకి గిటార్ పట్టుకున్నవాడికి ఈ లెక్క చెప్పడం ఉత్సాహపరచడమా, ఉసూరుమనిపించడమా? నాలుగు తీగలు కుదిరి ఒక పాట వస్తే చాలనుకునేవాడికి నిష్ణాతుడి కొలబద్దతో పనేమిటి?

మూడోది, పాతికేళ్లు. నుదుటి వెనకుండే మెదడు భాగం ఇరవైల్లో కూడా పరిణతి చెందుతూనే ఉంటుందని స్కాన్లు చూపించాయి. దాన్నే ఎవరో తలకిందులుగా చదివి "ఆ తర్వాత తలుపులు మూసేస్తారు" అనుకున్నారని నా అనుమానం. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం ఏళ్ల తరబడి వేల వీధులు బట్టీపడతారు. అలా నేర్చుకుంటున్న 79 మందిని మొదట్లో స్కాన్ చేసి, వాళ్లలో తిరిగి వచ్చినవాళ్లను తర్వాత మళ్లీ స్కాన్ చేసి 2011లో ఫలితాలు ప్రచురించారు. పరీక్ష నెగ్గిన 39 మంది మెదడులో, దారుల జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోక్యాంపస్ వెనక భాగం పెరిగింది. వీళ్లెవరూ పిల్లలు కారు. 2008లో జర్మనీలో అరవై ఏళ్ల వయసువాళ్లకు మూడు బంతులు ఎగరేసి పట్టడం నేర్పితే వాళ్ల మెదడులోనూ మార్పు కనిపించింది. కుర్రవాళ్లంత సులువుగా రాలేదు, అదీ నిజమే. పరాయి భాష యాస విషయంలోనూ పిల్లలదే పైచేయి. కష్టం కావడం వేరు, ఎక్కకపోవడం వేరు.

నాలుగోదానికి ఇంత సేపు అక్కర్లేదు. మూర్ఛ తగ్గించడానికి మెదడు రెండు సగాల మధ్య వంతెనను కోసేసిన రోగుల మీద రోజర్ స్పెర్రీ చేసిన పనికి 1981లో నోబెల్ వచ్చింది. కొన్ని పనులకు ఒక పక్క ముందుంటుందన్నది నిజమే. మనుషుల్లో కుడివాళ్లు, ఎడమవాళ్లు అని రెండు తెగలున్నాయన్నది మాత్రం ఆయన పరిశోధన చెప్పలేదు. 2013లో యూటా విశ్వవిద్యాలయంవాళ్లు 1,011 మంది స్కాన్లు వెతికినా మెదడు మొత్తంగా ఒక పక్కకు మొగ్గిన మనుషులు కనబడలేదు.

అయిదోదాంట్లో సగం నిజం ఉంది కాబట్టి కొట్టిపారేయను. 2009లో మనస్తత్వ శాస్త్రవేత్త గోల్విట్జర్ బృందం చేసిన ప్రయోగాల్లో, "ఫలానా అవుతాను" అని చెప్పినప్పుడు ఆ మాటను ఇంకొకరు గుర్తించినవాళ్లు తర్వాత తక్కువ కష్టపడ్డారు. చెప్పడంతోనే సగం అయిపోయినంత తృప్తి కలిగిందన్నమాట. దానికి ఎదురుగా 2016లో 138 అధ్యయనాలు కలిపి చూసిన విశ్లేషణ ఉంది. ఎంతవరకు వచ్చామో చూసుకుంటూ, దాన్ని నలుగురికీ తెలిసేలా చెప్పినవాళ్లు అనుకున్నది సాధించే అవకాశం పెరిగింది. చేయబోయేది చాటడం ఒకటి, చేసినది చూపించడం మరొకటి. మెసేజ్ ఈ రెంటినీ కలిపేసింది.

నేను ఈసారి చాటలేదు. కొన్ని నెలలుగా గీస్తూనే ఉన్నా, మధ్యమధ్య మానేస్తూ కూడా. మొన్న నా ఎడమ చెయ్యి చూసి గీసిన బొమ్మ వదినకు పంపాను.

"ఇది ఎన్నో రోజు?" అని అడిగింది.

లెక్కపెట్టలేదన్నాను.

"వేళ్లు కూడా లెక్కపెట్టినట్టు లేవు, ఆరున్నాయి," అంది.