హనీమూన్‌కు మాతో వచ్చిన పెద్ద సూట్‌కేసు గారికి

మహారాజశ్రీ ఎర్రరంగు, 28 అంగుళాల సూట్‌కేసు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ మీకో చక్రం ఊడింది, మా ఆయనకు నడుం పట్టేసింది. కాబట్టి ఆ మాట వదిలేసి విషయానికి వస్తాను.

మీరు పెళ్లిబట్టలతో పాటు మా ఇంటికి వచ్చారు. షాపులో నాన్న మిమ్మల్ని ఒక్క వేలితో తోసి, "చూడమ్మా, వేలితో తోస్తే చాలు, అదే వెళ్లిపోతుంది" అని మురిసిపోయారు. నిజంగానే వెళ్లారు. ఏసీ గదిలో, పాలరాతి మీద, ఖాళీ కడుపుతో. ఈ మూడూ ఒకేసారి కుదిరే చోటు ఇటలీ పల్లెల్లో ఎక్కడా ఉండదని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

ఇక మీ కడుపు సంగతి. మాది రాజమండ్రి, అత్తగారిది గుంటూరు. మా అమ్మ మాగాయ పెట్టిందని తెలిసి అత్తగారు గోంగూర పంపారు. గోంగూర వచ్చిందని అమ్మ కందిపొడి చేర్చింది. ఆ పోటీలోకి పిన్ని చిన్న రైస్ కుక్కర్‌తో దిగింది. నెయ్యి సీసా మాత్రం నేనే తీసేశాను. పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకురానివ్వరని చెబితే, "నెయ్యి పాల పదార్థం ఎలా అవుతుందే?" అని అమ్మ ఇప్పటికీ అడుగుతూనే ఉంది. ఫొటోల కోసం రెండు పట్టుచీరలు పెట్టారు. మా ఆయన మిమ్మల్ని ఎత్తుకుని బరువు మిషనెక్కి, దాంట్లోంచి తన బరువు తీసేసి చూశారు. 22 కిలోల 800 గ్రాములు. విమానం వాళ్లు ఇచ్చింది 23. ఆ మిగిలిన 200 గ్రాములు చూసి అత్తగారు మళ్లీ వంటింట్లోకి వెళ్లారు.

వీసాకి మేమిద్దరం బ్యాంకు కాగితాలు, సెలవు చీటీలు, హోటల్ బుకింగులు చూపించాం. 30,000 యూరోల ఇన్సూరెన్స్ చేయించాం. వేలిముద్రలిచ్చాం. మిమ్మల్ని మాత్రం ఎందుకొస్తున్నావని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే అక్కడే తిరస్కరించేవాళ్లు, మేము సుఖపడేవాళ్లం.

మొదటి మజిలీ ఓర్వియేటో. రాతిగుట్ట మీద ఊరు. స్టేషన్ నుంచి పైకి కేబుల్‌తో లాగే బండి ఉంది కాబట్టి మీరు పెద్దమనిషిలా కూర్చునే వచ్చారు. పైన రాళ్లు పరిచిన వీధిలో దించగానే గొంతెత్తారు. గడగడా, గడగడా. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. మన పల్లెల్లో దండోరా వేసేవాడికి కూడా అంతమంది రారు.

ఆ ఊళ్లో ఒక బావి ఉంది, సెయింట్ ప్యాట్రిక్ బావి అంటారు. 1527లో రోమ్ మీద దాడి జరిగితే పోప్ ఏడో క్లెమెంట్ ఓర్వియేటోకి పారిపోయి వచ్చి, ముట్టడి వస్తే ఊరికి నీళ్లుండాలని దాన్ని తవ్వించాడు. లోతు 53 మీటర్లు. దిగడానికి ఒక మెలిక దారి, ఎక్కడానికి ఇంకొకటి, ఒక్కోదానికి 248 మెట్లు. రెండు దారులూ ఎక్కడా కలవవు. ఎందుకంటే కిందికి వెళ్లే కంచరగాడిదలు, నీళ్లు మోసుకుని పైకి వచ్చేవి ఒకదానికొకటి అడ్డం రాకూడదు! అయిదు వందల ఏళ్ల కిందట మోసేవాళ్ల గురించి అంత ఆలోచించిన మనుషులు. మరి మీ వంశానికి పొడుగు హ్యాండిలు, రెండు చక్రాలు తగిలించిన పెద్దమనిషి రాబర్ట్ ప్లాత్ అమెరికాలో పైలట్. 1987లో ఎయిర్‌పోర్టు గచ్చు చూసి తయారుచేశాడు. ఆయన ఒక్కసారి ఓర్వియేటో వీధుల్లో నడిచి ఉంటే చక్రాలు మానేసి ఒక కంచరగాడిదనే జతచేసి అమ్మేవాడు.

మర్నాడు మిమ్మల్ని గదిలో పెట్టి తాళం వేసి, బస్సెక్కి చివిటా ది బాన్యోరేజో వెళ్లాం. చనిపోతున్న ఊరు అని దానికి పేరు. అడుగున ఉన్న బంకమట్టి కోసుకుపోయి, పైన ఉన్న రాయి పెళ్లలు పెళ్లలుగా రాలిపోతూ ఉంటుంది. ఊళ్లోకి కాలినడక వంతెన ఒక్కటే దారి, దానికీ టికెట్టు. ఏడాది పొడుగునా అక్కడే ఉండేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ వంతెన మీద మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. అప్పటిదాకా ఆ చెయ్యి మీ హ్యాండిల్‌కే అంకితం కదా! ఆ సాయంత్రం గోడ మీద కూర్చుని లోయ మీద ఎండ తగ్గడం చూస్తూ మేం ఏం మాట్లాడుకున్నామో మీకు చెప్పను. మీరు లేరు కాబట్టే మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత చింక్వే టెర్రే. సముద్రం పక్కన కొండకు అతుక్కున్న అయిదు ఊళ్లు. వాటిలో నాలుగు నీళ్ల ఒడ్డున ఉంటాయి, కొర్నీల్యా ఒక్కటి వంద మీటర్ల ఎత్తున కొండ మీద ఉంటుంది. మా గది ఎక్కడ బుక్ చేశారో వేరే చెప్పాలా? "అక్కడ రేటు తక్కువ, వ్యూ ఎక్కువ" అన్నారు మా ఆయన. స్టేషన్‌లో దిగేసరికి పైకి వెళ్లే చిన్న బస్సు తోక మాత్రం కనిపించింది. ఎదురుగా లార్దరీనా. ఇటుక మెట్లు, 33 మలుపులు, మొత్తం దగ్గర దగ్గర 380 మెట్లు. ఇంకో బస్సు కోసం ఆగుదామన్నాను. "అలిపిరి నుంచి నడిచి ఎక్కినవాణ్ణి, ఇదెంత?" అన్నారు.

అలిపిరిలో 3,550 మెట్లు. నిజమే. కానీ అక్కడ సామాను కింద ఇచ్చేస్తే దేవస్థానం వాళ్లు పైసా తీసుకోకుండా కొండ మీదికి చేరుస్తారు. ఈ సంగతి మా ఆయనకు ఎనిమిదో మలుపు దగ్గర గుర్తొచ్చింది. పదిహేనో మలుపుకి గోవింద నామాలు మొదలయ్యాయి. ఇరవయ్యో మలుపు దగ్గర మీ మీదే కూర్చుని, "మీ పిన్నికి రైస్ కుక్కర్ ఎందుకు?" అన్నారు. పెళ్లయ్యాక మా మొదటి పోట్లాట అది. నేను గోంగూర ప్రస్తావన తెచ్చాను. ఇద్దరు తల్లుల పచ్చళ్లూ ఆ లిగూరియా తీరం గాల్లో కలిశాయి. పైనుంచి ఒక ముసలమ్మ కిటికీలోంచి చూసి "పియానో, పియానో" అంది. అంటే నిదానం అని. ఆవిడ మెట్లెక్కడం గురించే అన్నదో, పోట్లాట గురించో తెలియదు.

చుట్టూ కొండంతా మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు. మట్టి, సున్నం లేకుండా ఉత్త రాళ్లు పేర్చి కట్టిన గోడలు. ఆ రాళ్లన్నీ తరతరాలుగా మనుషులు వీపున మోసినవే. ఇప్పుడు కోసిన ద్రాక్షను కొండవాలు మీద తీసుకెళ్లడానికి ఒంటిపట్టా బుల్లి రైలుబండ్లు వచ్చాయి. ద్రాక్షపండుకి రైలుంది. కొత్త పెళ్లికొడుక్కి లేదు.

అన్యాయంగా మాట్లాడకూడదు. ఒక్కరోజు మీరు ఆదుకున్నారు. మధ్యాహ్నం మూడు దాటితే ఆ ఊళ్లల్లో హోటళ్ల వంటిళ్లు మూసేస్తారు, మళ్లీ ఏడింటికే. మేము తిరిగి తిరిగి నాలుగింటికి ఆకలితో గదికి చేరాం. దారిలో కొన్న ఫొకాచ్చా రొట్టె ఉంది, ఆలివ్ నూనెతో మెత్తగా. మీ పొట్టలోంచి మాగాయ తీశాం. ఫొకాచ్చాలో మాగాయ నంజుకుని సముద్రం వంక చూస్తూ తిన్నాం. ఇటలీలో నేను తిన్న అన్నిటికంటే అదే బాగుందని ఇటలీ వాళ్లకు చెప్పకండి. కుక్కర్ సంగతంటారా, మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి గోడల్లో దూరలేదు. రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ హాయిగా దూరింది. మొత్తం ఇటలీ చుట్టి, ఒక్క గింజ ఉడికించకుండా తిరిగొచ్చిన కుక్కర్ అది.

ఆ అయిదు ఊళ్లలో రియోమజ్జోరే నుంచి మనరోలా దాకా సముద్రం అంచున ప్రేమబాట అని ఒక దారి ఉంది. 2012లో కొండచరియ విరిగిపడి మూసేశారు, 2024లో మళ్లీ తెరిచారు. టికెట్టు మీద వేళ కూడా వేసి ఇస్తారు, ప్రేమకు స్లాట్ అన్నమాట. చింక్వే టెర్రే వదిలే రోజున గది ఖాళీ చేసి, మిమ్మల్ని రియోమజ్జోరేలో ఎక్కడైనా దాచి, ఆ బాట నడిచి రైలెక్కాలని ప్లాన్. ఆ వీధి ఏటవాలు. సగం దూరంలో మీ చక్రం ఒకటి ఊడి సముద్రం వైపు దౌడు తీసింది. మీతో ఉన్నన్నాళ్లూ తిరగనని మొరాయించిన చక్రం, మిమ్మల్ని వదిలాక ఎంత హుషారుగా దొర్లిందో! దాన్ని చూస్తున్న మా ఆయన కళ్లలో నాకు అసూయ కనిపించింది. దాన్ని వెతికేలోగా మా స్లాట్ అయిపోయింది. చక్రమూ దొరకలేదు.

ఆ తర్వాత సముద్రం ఒడ్డునే ఇంకో కొండవాలు ఊరు, పొజిటానో. అక్కడ మీకు అచ్చంగా అల్లుడి మర్యాదే జరిగింది. పడవలో మీకు వేరే డబ్బులు కట్టాం. ఊరంతా మెట్లే కాబట్టి అక్కడ సామాను మోసే హమాలీలున్నారు. ఒకాయన మిమ్మల్ని భుజానికెత్తుకుని, ఆగి, "రాళ్లా?" అన్నాడు. పచ్చళ్లు అని ఇటాలియన్‌లో ఎలా చెప్పాలో తెలియక అవునన్నాను. మీరు ఆయన భుజం మీద ముందు ఊరేగుతుంటే, అసలు అల్లుడు నడుం పట్టుకుని వెనక కుంటుతూ వచ్చారు. ఆ ఊళ్లో దిగిన ఫొటోల్లో ఆయన ఎందుకు ఒక పక్కకు వంగి ఉన్నారని బంధువులంతా అడుగుతున్నారు. స్టైల్ అని చెబుతున్నాం. పట్టుచీరలా? మడత విప్పలేదు.

ప్రస్తుతం మీరు అటక మీద విశ్రాంతి తీసుకుంటున్నారు. నిన్న మా ఆడపడుచు ఫోన్ చేసింది. మాఘమాసంలో తనకు పెళ్లి, హనీమూన్‌కు గ్రీసులో మెట్లకు పేరుపడ్డ సాంటోరిని దీవికి వెళ్తారట. "వదినా, మీ పెద్ద సూట్‌కేసు ఇస్తావా? వేలితో తోస్తే వెళ్లిపోతుందట కదా, మీ నాన్నగారు చెప్పారు" అంది.

తప్పకుండా తీసుకో అన్నాను. కుక్కర్ కూడా అందులోనే ఉంచి ఇస్తాను. మూడు చక్రాల సంగతి చెప్పలేదు. గోంగూర పంపింది వాళ్లమ్మే కదా.

ఇట్లు,
మీ హనీమూన్‌కు తోడుగా వచ్చిన ఇద్దరిలో ఒకరు