కవర్లు బాయిలర్‌లో వేయమంటున్న ఆ మెసేజ్ సంగతి

ఏ గ్రూపు తెరిచినా అదే. "ప్లాస్టిక్ వేరు చేయడం దండగ, ఇలా చేయండి" అంటూ మొదలై, "పదిమందికీ పంపండి"తో ముగుస్తుంది. పంపినవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే, దీన్ని మాత్రం చదివినట్టు లేరు.

సీసాల మూతలు తీసి పారేయాలట. అక్కర్లేదు. ముక్కలు చేసి నీళ్ళ తొట్టిలో వేస్తే పెట్ (సీసా ప్లాస్టిక్) మునుగుతుంది, మూత తేలుతుంది. సబ్బుతో కడగాలట. గిన్నెలు తొలిచిన నీళ్ళు చాలు, ఆరితే అయిపోయె. నల్ల బిర్యానీ డబ్బాలు పనికిరావట. నలుపును పోల్చుకోలేనివి విదేశాల్లోని సెన్సర్ యంత్రాలు. మన దగ్గర ఎక్కువగా ఏరేది మనుషులు. వాళ్ళకి అడ్డొచ్చేది అడుగున పేరుకున్న నూనె.

త్రికోణంలో అంకె ఉంటే రీసైకిల్ అవుతుందట. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ పెట్టిన ఆ అంకె రకాన్ని చెబుతుంది, అంతే. 3 అంటే పీవీసీ, క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్. అది పెట్‌లో కలిసిందనుకోండి. పెట్ కరగాలంటే 260 డిగ్రీలు దాటాలి. ఆ వేడికి పీవీసీ మాడి ఆమ్లం వదులుతుంది, సరుకంతా పచ్చబడి నల్లచుక్కలు పడతాయి. పారదర్శకమైన సీసా అడుగున నడిమధ్య చిన్న బొడిపె ఉంటే పెట్. అడ్డగీత ఉంటే పీవీసీ అని అనుమానించండి.

ఇక అసలు ఘోరం. "మిగిలిన కవర్లు వేణ్ణీళ్ళ బాయిలర్‌లో వేయండి, మంట బాగుంటే పొగ రాదు, హాని లేదు." పొగ కనబడకపోతే విషం లేనట్టా? కార్బన్ మోనాక్సైడ్ ఎవరి కంటికి కనబడింది? చెత్త కాల్చే ప్లాంట్లలో వాయువులను 850 డిగ్రీల పైన కనీసం 2 సెకన్లు ఉంచి, తర్వాత వడగడతారు. మీ బాయిలర్ గోడ వెనక నీళ్ళున్నాయి, అది 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మంట దానికి తగలగానే చల్లబడి సగం కాలిన మసి మిగులుతుంది. కాలేవాటిలో క్లోరిన్ ఉంటే, వాయువులు 450 నుంచి 200 డిగ్రీలకు దిగేటప్పుడు డయాక్సిన్లనే విషాలు పుడతాయి. వైరు ముక్కల్లోనో బాయిలర్‌లోనో రాగి ఉంటే అది ఆ చర్యను ఇంకా వేగం చేస్తుంది. రాగి ఒంటికి మంచిదని ఇంకో మెసేజ్ తిరుగుతోందిగా, రెండూ కలిపి పంపండి.

"మా ఇంట్లో పీవీసీ ఎక్కడిది?" అనకండి. చాలా మందుబిళ్ళల స్ట్రిప్పులు, వైరు ముక్కలు, రెగ్జిన్, భోగి మంటలో పడే ఫ్లెక్సీ, అన్నీ అదే. పైగా బూడిద మొక్కలకు వేయమన్నాడు మహానుభావుడు! రంగుల్లో, పాత పీవీసీలో ఉన్న సీసం కాలిపోదు. చాలావరకు బూడిదలోనే ఉంటుంది, అక్కణ్ణుంచి మీ తోటకూర మడిలోకి.

ఒక్క మాట మాత్రం నిజం: "మున్సిపాలిటీ బండికన్నా పాత సామాన్లవాడికి ఇవ్వడం మేలు." ఒప్పుకుంటున్నాను. బండిలో తడిచెత్త అంటిన పాలకవరును ఎవరూ కొనరు. పాలకవరు మూల పూర్తిగా తెంపకండి, వేలాడనివ్వండి. తెగిన ముక్క ఎవరూ ఏరలేరు, కాలవలోకే పోతుంది. కవరు కడిగి, ఆరబెట్టి, సంచిలో పోగెయ్యండి. మెరిసే చిప్స్ ప్యాకెట్లు అతనూ తీసుకోడు. అవి పొడిచెత్తలో వేస్తే సిమెంట్ బట్టీకి ఇంధనంగా వెళ్ళే వీలైనా ఉంటుంది. మందుల స్ట్రిప్పులు మాత్రం వాటితో కలపకండి, క్లోరిన్ ఆ బట్టీకి కూడా పడదు.