అత్తయ్య వీపు మీద ఇంగ్లీష్ ముక్క

అమెరికాలో పై చదువుల కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షకి చదువుతున్నానంటే కజిన్ అన్నయ్య తన పాత పుస్తకం ఇచ్చాడు, మూడు వారాలు కూర్చుని వ్యతిరేక పదాలన్నీ బట్టీ పట్టాక తెలిసింది, ఆ ఆంటనిమ్స్ ప్రశ్నలు 2011లోనే ఎత్తేశారట.

సర్లే అని ఇంకో రూట్ పట్టా. చీటీ మీద పదం, పక్కన తెలుగులో అర్థం రాసి, దానికి సరిపోయే వస్తువుకి అంటించెయ్యడమే. ఇంగువ డబ్బాకి నాయిసమ్, అంటే కంపు కొట్టేది, నాయిస్‌కీ దానికీ ఏ చుట్టరికం లేదు. అమ్మ ఒక్క పూట చూసి పీకి పారేసింది, ఇంగువ కంపేంట్రా నీ మొహం అని. నాన్న పడక కుర్చీకి టాసిటర్న్, ముభావంగా ఉండే మనిషి. నాన్న చదివారు, ఏమీ అనలేదు.

ఇక గారులస్. గారెలు తింటూ వాగడం అని గుర్తుపెట్టుకున్నా, చీటీ మీద మాత్రం సింపుల్‌గా "గారులస్ = వాగుడుకాయ" అని పెద్దక్షరాలతో రాసి హాల్లో పేము కుర్చీకి అంటించా. ఆ కుర్చీకే ఎందుకంటే... ప్రతి ఆదివారం మా మేనత్త వచ్చి కూర్చునేది అందులోనే, ఇంక నన్నేం అడక్కండి. స్టికీ నోట్స్ ఫ్యాన్ గాలికి ఊడిపోతున్నాయని అప్పుడే డబుల్ సైడ్ టేప్‌కి మారాను, కర్మ.

ఆ ఆదివారం అత్తయ్య పట్టుచీర కట్టుకుని వచ్చి, ఆ కుర్చీలో ఓ అరగంట కూర్చుని కాఫీ తాగి, మా ఇంటి నుంచే చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళింది. సత్యనారాయణ వ్రతం, భోజనాలు, తాంబూలాలు అన్నీ అయ్యాయి. అందరూ చదివారు, ఒక్కరూ చెప్పలేదు. రాత్రి చీర మడత పెట్టేటప్పుడు దొరికింది, నా చేతిరాత ఆవిడకి తెలుసు. ఆ రోజు నుంచి మా ఇంటికి మాటల్లేవు, బజార్లో ఎదురుపడ్డా మూతి బిగించుకుని వెళ్ళిపోయేది.

పరీక్షలో వెర్బల్, అంటే ఇంగ్లీష్ భాగం, 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. ఒకదాంట్లో ఆరు ఆప్షన్లలో ఒకే అర్థం వచ్చేవి రెండు పట్టుకోవాలి, రెండూ కరెక్టయితేనే మార్కు. ఖాళీలో నోరు విప్పని మనిషి రావాలని అర్థమైంది. టాసిటర్న్ కనపడింది, నాన్న, టిక్కు. జత ఏది? రెటిసెంట్ అని ఒకటుంది, అదీ ముభావమేనని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు సెంటు బుడ్డి తప్ప ఏం గుర్తురాలేదు. కింద గారులస్. చూడగానే అత్తయ్య మొహం, పెదాలు కుట్టేసినట్టు. ఇంకేం ఆలోచిస్తాం, టిక్కు.

అదే సాయంత్రం అత్తయ్య ఫోన్. "ఏరా, పరీక్ష ఎలా రాశావ్" అని మొదలెట్టి గంటా పది నిమిషాలు మాట్లాడింది. ఒక్కరోజు ముందు చేసుంటే ఏం పోయేది అత్తయ్యా.