గుట్టను కుట్టడం

పోయిన దసరాకు మా సంఘం చేతికుట్టు ప్రదర్శన పెట్టింది. ప్రయాణాల్లో చూసిన దృశ్యాలను గుడ్డ మీద కుట్టి తెమ్మన్నారు. నయాగరా వచ్చింది, గ్రాండ్ కేన్యన్ వచ్చింది, ఆల్ప్స్ మంచుకొండలు మూడు వచ్చాయి. నల్లగొండ, పాలమూరు వాళ్లమే సగం మందిమి ఉన్నాం, మా వైపు గుట్ట ఒక్కటీ రాలేదు. నన్నూ కలుపుకునే అంటున్నాను. నేను కుట్టింది ఎక్కడిదో సరస్సు.

సిగ్గేసి, భువనగిరి కోట రాయిని మొదలుపెట్టాను. 2016లో జిల్లా వేరైంది గానీ నా నోటికి అది ఇప్పటికీ నల్లగొండ జిల్లానే. చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి చూసిన ఆ ఏకశిల ఏ వైపు ఎక్కువ వంగి ఉంటుందో సూది పట్టేదాకా నాకు తెలియదు. రాయి కదా అని బూడిదరంగు దారాలు కొన్నాను. తీరా ఫోటోలు ముందేసుకుంటే ఎండపొడ ఉన్న చోట గోధుమవన్నె, వాననీళ్లు జారిన చోట నల్లటి చారలు. మూడుసార్లు విప్పాను.

చివరికి దారి చూపింది అమ్మ పాత పోచంపల్లి చీర. కత్తెర వేయడానికి వారం రోజులు చేయి రాలేదు. పోచంపల్లిది ఇక్కత్ నేత. అందులో నూలును ముందే ముడులు కట్టి రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. మగ్గం మీద పోగులు వెంట్రుకవాసి జరిగి రంగు హద్దు కాస్త చెదురుతుంది. మిట్టమధ్యాహ్నం దూరపు గుట్ట అంచు సరిగ్గా అలాగే అదురుతుంది. ఆ ముక్కను అంచుగా వేసి సన్నకుట్టు వేశాను.

ఫోటో ఇస్తే మిషను గంటలో కుట్టిస్తుంది కదా అన్నారు మావాళ్లు. మిషనుకు గుట్టా ఒకటే, పక్కనున్న కరెంటు స్తంభమూ ఒకటే.

మనకు ఇది కొత్త కళ అనుకోవడమూ పొరపాటే. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ ఆడవాళ్ల అద్దాల కుట్టు చూడండి. అద్దానికి రంధ్రం ఉండదు. పైన అడ్డంగా, నిలువుగా దారాలు లాగి, వాటిని పట్టుకుని చుట్టూ కుట్టుకొస్తేనే నిలుస్తుంది. ఆ బట్టల మీద కొండలు, ఏర్ల బొమ్మలు ఉండవు, గవ్వలుంటాయి. నల్లగొండకు సముద్రమెక్కడిది? ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ దేశం తిరిగిన లంబాడీల ప్రయాణం ఆ గవ్వలో ఉంది. మన వేదికల మీద మాత్రం లంబాడీ నృత్యానికి ప్లాస్టిక్ అద్దాలు జిగురుతో అతికిస్తాం. ఈసారి ఆ డబ్బేదో తండాలో కుట్టేవాళ్లకే ఇచ్చి, అడిగిన ధరకు తెప్పించాలని నా మాట.

వచ్చే దసరాకు ఎవరి ఊరి దారి వాళ్లు కుట్టాలని కమిటీకి రాశాను. జవాబు రాలేదు. నా గుట్టకు వెనకవైపు ఎలా ఉంటుందో గుర్తు రాక మా అన్నకు ఫోన్ చేశాను. రోజూ దాని ముందునుంచే డ్యూటీకి వెళతాడు. కాసేపు ఆలోచించి, "రేపు చూసి చెబుతాలే చెల్లే" అన్నాడు.